లావు సప్పుడు

పోయిన ఆదివారం నేను, మా తమ్ముడు రాజేశం, వాడి బిడ్డ రజిత ముగ్గురం కరీంనగర్ పోయి కారుకు యాంప్లిఫయర్ కొనుక్కొచ్చాం. అరవై దాటిన ఆడమనిషికి ఆ దుకాణంలో ఏం పని అని సిరిసిల్లలో మా వాడకట్టంతా నవ్వింది. నవ్వనీ. నేను పోకపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. పని అయిపోయి నాలుగు రోజులైనా నా కడుపులో మంట మాత్రం చల్లారలేదు. అది దుకాణదారు మీద కోపమనుకుంటుంది రజిత. "గాయన మీద గింత కోపమెందుకత్తమ్మా, యాపారం జేసుకునేటోడు గట్లనే మాట్లాడుతడు" అంటుంది. ఆ దుకాణదారుకు ముప్పై ఏళ్లుంటాయేమో. నా కోపం వాడి దుకాణం కంటే పాతది. వాడు బడికి పోతున్నప్పటి నుంచే దాన్ని సాకుతున్నాను.

కారు రజితది. పెద్దపల్లిలో నర్సు ఉద్యోగం చేస్తుంది. రోజూ బస్సులు మారలేక, ఒకరు వాడి వదిలేసిన చిన్న కారు కొనుక్కుంది. దాని డిక్కీలో నల్ల గుడ్డ చుట్టిన పెట్టె ఒకటి ఉంది. పెట్టెకు పెద్ద పళ్లెమంత స్పీకరు. సబ్ వూఫర్ అంటారట దాన్ని. కారు అమ్మినాయన దాన్ని మోగించే యాంప్లిఫయర్‌ను ఊడదీసుకొని, బరువని పెట్టెను వదిలేసిపోయాడు. యాంప్లిఫయర్ లేకపోతే అది ఉట్టి చెక్కపెట్టె. తీసి పాత ఇనుప సామాన్ల బండికి వేస్తానంది రజిత. రాజేశం అడ్డం పడ్డాడు. డిక్కీ మీద చేయి వేసి, "దీన్ని మోగించుకోవాలె బిడ్డా" అన్నాడు. వాడు మామూలుగా అన్న మాట కూడా నాలుగిళ్లకు వినబడుతుంది. సాంచాల మధ్య బతికినవాళ్లందరి గొంతూ అంతే.

సాంచ అంటే మరమగ్గం. మా తమ్ముడు మీసం రాకముందు నుంచి మోకాళ్లు అరిగేదాకా సాంచాలు నడిపాడు. ఇప్పుడు తువాళ్లు, లంగాలు మూట కట్టుకొని హుజూరాబాద్ అంగడికి, చెన్నూరు అంగడికి పోయి అమ్ముకుంటాడు. బేరమాడేవాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. వాళ్లు పక్కకు తిరిగి మాట్లాడితే ఏమీ తెలియదు. రజిత వాడిని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు ఒక కాగితం మీద పైనుంచి కిందికి జారిపోతున్న గీత గీసి చూపించాడట. సన్న శబ్దాలన్నీ పోయాయి, లావు శబ్దాలు కొంచెం మిగిలాయి అన్నాడట. సన్న శబ్దాలంటే గాజులు, పిట్టలు, కుక్కర్ కూత, చిన్నపిల్లల మాటలు, ఆడవాళ్ల పాట. లావు శబ్దాలంటే డప్పు, లారీ, ఉరుము. చెవికి మిషన్ ఇచ్చారు. రాజేశం రెండు రోజులు పెట్టుకొని తీసి డబ్బాలో వేశాడు. "గది పెట్టుకుంటె సాంచాలన్ని మల్ల అచ్చి చెవులల్ల కూసుంటున్నయక్కా" అన్నాడు.

ఒకప్పుడు మా వాడకట్టులో వాడి అంత పాడేవాడు లేడు. అందుకే ఆ నల్లపెట్టె కోసం అంత పట్టుబట్టాడు. డాక్టరు చెప్పింది వాడి బుర్రలో ఉండిపోయింది. "నాకు మిగిలింది గా లావు సప్పుడే కదక్కా. గదన్న మంచిగ యినని. ఒక్క పాట యింట" అన్నాడు. ఒక్క పాట. అంగళ్లలో ఎండకు ఎండి, ఏడువేలు వెనకేసుకున్నాడు దానికోసం. ఆ ఏడువేలతో సరైనది దొరకాలి. సరైనది కాకపోతే మళ్లీ కొనే తాహతు లేదు, మళ్లీ ఆశపడే ఓపిక అంతకన్నా లేదు.

దుకాణం బస్టాండుకు కొంచెం వెనకాల, గల్లీలో. కార్ల సీట్ల కవర్లు, రంగు దీపాలు, సువాసన సీసాలు. మేం లోపలికి పోగానే రాజేశం, "వెనక పెట్టెకు యాంప్లిఫయర్ గావాలె! ఏడువేల లోపల!" అన్నాడు.

దుకాణదారు ఒక అడుగు వెనక్కి వేశాడు. "జర మెల్లగ కాకా. సామాను కొననీకి వచ్చినవా, లొల్లి పెట్టుకోనీకి వచ్చినవా?"

"ఆయనకు వినబడదు" అంది రజిత.

"వినబడదా?" వాడు రజితను చూసి, నన్ను చూసి, నవ్వు ఆపుకున్నాడు. "మరి పాటల డబ్బా ఎందుకమ్మా?"

నేను అన్నాను. "గుడికి పోయినోన్ని దేవుడు కనబడ్డడా అని అడిగి కొబ్బరికాయ అమ్ముతరా బిడ్డా? నువ్వు సామాను చూపియ్యి."

వాడు గబగబా ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎర్రగా మెరిసిపోతుంది. దాని మీద నోరు తెరిచిన పులి బొమ్మ. పులి కింద అరచేయంత అక్షరాలతో నాలుగువేల వాట్స్ అని ఉంది. "నాలుగువేల వాట్లు! గిది పెడితె కారు అద్దాలు పలుగుతయి. రేటు ఆరున్నర, పెద్దాయన మొఖం జూసి ఆరుకిస్త" అన్నాడు. వాడి పెదవుల మీద అంకె చదివిన రాజేశం నావైపు తిరిగాడు. "నాలుగువేలక్కా!" అన్నాడు. మొహం వెలిగిపోయింది. జేబులో చేయి కూడా పెట్టాడు.

అంకెలు నాకు ముందునుంచీ వచ్చు, అక్షరాలు వచ్చింది తర్వాత. సాంచ మోటరు ఒక హార్సుది, అంటే ఏడువందల నలభై ఆరు వాట్లని మా కార్ఖానాలో కరెంటు పనిచేసే మేస్త్రీ చెప్పగా విన్నాను. నాలుగువేలంటే అయిదు సాంచాలు. అయిదు సాంచాలు నడిపేంత బలం ఈ సద్దిగిన్నె అంత డబ్బాలోకి ఎక్కడినుంచి వచ్చింది? నేను ఆ అట్టపెట్టెను దగ్గరికి లాక్కొని నాలుగు పక్కలా తిప్పి చదవడం మొదలుపెట్టాను. నా చదువు నెమ్మది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పోతాను. చిన్నప్పుడే బడికి పోయినవాళ్లు పెద్దక్షరాలు చూసి మిగతాది వదిలేస్తారు. నేను వదలను. చదువు రానన్ని రోజులు నాకు జరిగింది గుర్తున్నంతవరకు వదలను.

ఆ కార్ఖానా గురించి చెప్పాలి.

పదహారు సాంచాలు ఒక రేకుల షెడ్డులో. మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి. లోపలికి అడుగుపెడితే ముందు గంజి వాసన, తర్వాత వేడెక్కిన మోటరు వాసన, ఆ తర్వాత మిషన్ నూనె. ఆ నూనె అన్నంలోకి కూడా వచ్చేది. అవ్వ, అంటే మా అమ్మ, ఎంత చింతపండు పెట్టి తోమినా సద్దిగిన్నె మూతకు ఆ వాసన పోయేది కాదు. బాపు నాలుగు సాంచాలు నడిపేవాడు. నేను గుమ్మం పక్క అర్రలో కండెలు చుట్టేదాన్ని. కండె అంటే నాడెలో పెట్టే నూలు పుల్ల. నాడె ఆ కొస నుంచి ఈ కొసకు కొట్టుకుంటూ పోతే బట్ట. పదహారు నాడెలు ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కన ఉన్నవాడు చెవిలో అరిచినా వినబడదు. అందుకే అక్కడ అందరూ పెదవులతో మాట్లాడుకునేవాళ్లు. కండెలు కావాలంటే వేలు తిప్పడం, ఆసామి వస్తున్నాడంటే మీసం సవరించుకున్నట్టు చేయడం. ఆసామి అంటే షెడ్డు గలాయన. ఇంటికొచ్చినా మాకు ఆ అలవాటు పోయేది కాదు. రహస్యం చెప్పాలంటే గొంతు లేకుండా పెదవులు కదిపేవాళ్లం, మామూలు మాటైతే అరిచేవాళ్లం. కూర బాగుందని బాపు చెప్పినా పక్కింటివాళ్లు మొగుడూ పెళ్లాల గొడవ అనుకొని తలుపు తీసేవాళ్లు.

రాజేశం బాపు పక్కన పనిలో చేరినప్పుడు సాంచ మీద వంగి పాడేవాడు. ఎవరికీ వినబడేది కాదు. మేం వాడి పెదవులు చూసి ఏ పాటో పోల్చుకొని నవ్వుకునేవాళ్లం. వాడు పాడితే మేం చూసేవాళ్లం. అదే మా సంబురం. కొన్నాళ్లకు వాడు ఇంట్లో పడుకొని చెవులు మూసుకునేవాడు. లోపల ఈలలు వేస్తున్నట్టు ఉందనేవాడు. అవ్వ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసింది. తగ్గలేదు. ఒకరోజు వాడే నేల మీద ఎగిరే దూదిని ఉండ చేసి చెవుల్లో పెట్టుకొని పనికి నిలబడ్డాడు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం దగ్గర, "గిప్పుడు మంచిగున్నది" అన్నాడు నాతో. మెల్లగా అన్నాడు. వాడు అంత మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే ఆఖరు.

ఆసామి చూశాడు. చూసి రాజేశాన్ని వదిలి, బాపును బయటికి పిలిచాడు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. "నాడె తడబడితె ముందుగాల చెవికే తెలుస్తది. చెవులు మూసుకుంటె బట్ట కరాబ్ అయితది. నీ కొడుక్కు చెప్పు" అన్నాడు. గోడకు వేలాడుతున్న రేకు చూపించాడు. తెల్ల రేకు, నీలం అక్షరాలు. అంతకుముందు ఏడు ఎవరో ఆఫీసువాళ్లు వచ్చి తగిలించిపోయారు. "గండ్ల గూడ గదే రాసున్నది. చెవులల్ల దూది పెట్టుకుంటె జుర్మానా అని. సర్కారు రూలు. నేనేం జెయ్యను?" బాపు ఆ రేకువైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తల ఊపి లోపలికి పోయి రాజేశం చెంప మీద కొట్టాడు. దెబ్బ చప్పుడు వినబడలేదు, సాంచాలు నడుస్తున్నాయి కదా. వాడి తల ఒక పక్కకు పోవడం మాత్రం చూశాను.

ఆ తర్వాత వాడు దొంగతనంగా పెట్టుకునేవాడు, జుట్టు కిందికి దువ్వి. దాన్ని చూసే పని నాకప్పజెప్పారు. అక్కను కదా. రోజూ పొద్దున గుమ్మం దగ్గర వాడి తల రెండు చేతులతో పట్టుకొని, చెవుల్లో వేలు పెట్టి వెతికేదాన్ని. ఉంటే లాగేసేదాన్ని. వాడు కొట్టుకునేవాడు. "అక్కా, అక్కా, ఒక్క చెవిలనన్న ఉండనియ్యే" అనేవాడు. జుర్మానా పడుతుంది, బాపు కొడతాడు, గోడ మీద రాసి ఉంది కదా అని నేను లాగేసేదాన్ని. మంచి పని చేస్తున్నానని అనుకున్నాను. షెడ్డు నిండా దూది. మా కళ్లల్లో దూది, ముక్కుల్లో దూది, తినే అన్నంలో దూది. వాడి చెవుల్లో మాత్రం ఉండకూడదు. ఎన్ని వందల పొద్దుగూకులు వాడికి ఈలలతో గడిచాయో. నా ఈ రెండు వేళ్లు చేసిన పని అది.

అక్షరాలు నాకు రజిత నేర్పింది. అది మూడో తరగతిలో ఉండగా బడి ఆట ఆడుకోవడానికి ఎవరూ దొరక్క నన్ను కూర్చోబెట్టింది. పలక మీద అ రాసి, "దిద్దుకో అత్తమ్మా, తప్పు రాస్తె గోడకుర్చీ" అంది. ఆట అనుకొని మొదలుపెట్టాను. అప్పటికి నా తల సగం నెరిసింది. రెండేళ్లకు గుణింతాలు దాటి మాటలు పట్టుకున్నాను. తర్వాత ఇంగ్లీషు అక్షరాలూ దిద్దించింది. అక్షరాలు వచ్చిన కొత్తలో కనబడిందల్లా చదివేదాన్ని. బిస్కెట్ పుడా, సబ్బు కాగితం, బస్సు వెనకాల రాత. అలా ఒకరోజు కండెల గంప దించి తల తుడుచుకుంటుంటే గోడ మీద రేకు కనబడింది. నీలం అక్షరాలు సగం దుమ్ము కింద ఉన్నాయి. కొంగుతో తుడిచాను. వేలు పెట్టి చదివాను. ఎక్కువ శబ్దంలో పని చేయువారు తమ చెవులను దూదితోగాని మూతలతోగాని తప్పక కాపాడుకొనవలెను.

నాకు చదవడం సరిగ్గా రాలేదేమో అనుకున్నాను. మళ్లీ చదివాను. మూడోసారి ఒక్కో అక్షరం విడదీసి చదివాను. జుర్మానా అన్న మాట ఎక్కడుందా అని కింద దాకా, అంచు దాకా వెతికాను. లేదు. రేకు చివర ఒక చిన్న చెవి బొమ్మ కూడా ఉంది. ఇన్నేళ్లు దాన్ని చూసి శంఖం అనుకున్నాను.

ఆసామి లోపలే ఉన్నాడు. ముసలివాడయ్యాడు, కుర్చీలో కూర్చొని బట్ట మడతలు చూస్తున్నాడు. పోయి ఎదురుగా నిలబడి, రేకు చూపించి, అందులో రాసింది రాసినట్టు అరిచి చెప్పాను. సాంచాలు నడుస్తున్నాయి. అయినా ఆయనకు నా పెదవులు చదవడం వచ్చు, అందరం అక్కడే బతికాం కదా. అంతా చదివి నవ్వాడు. "సదువచ్చిందా నర్సవ్వా? శాన సంబురం" అన్నాడు. మళ్లీ మడతలు లెక్కబెట్టుకున్నాడు. అంతే. అప్పటికే మా తమ్ముడికి నా గొంతు సగమే వినబడుతుంది.

ఇంటికి పోయేసరికి బాపు అరుగు మీద కూర్చొని కిరోసిన్ గుడ్డతో గోళ్లలో నూనె నలుపు తుడుచుకుంటున్నాడు. రోజూ పని నుంచి రాగానే అదే చేసేవాడు, అన్నం కన్నా ముందు. నేను నిలబడే చెప్పాను. ఆసామి మనల్ని మోసం చేశాడు, రేకు మీద రాసింది అది కాదు, దూది పెట్టుకొమ్మనే రాసి ఉంది అన్నాను. బాపు తల ఎత్తలేదు.

"ఎర్కే" అన్నాడు.

"ఎట్ల ఎర్క? ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పుడేంది. సదివిన."

మా బాపుకు చదువొచ్చు. ఆ మాట నాకు తెలిసింది ఆ సాయంత్రం. ఆయన ముసలితనంలో, నేను సగం ముసలిదాన్నయ్యాక. మిరపకాయ బజ్జీలు తెచ్చినప్పుడు అందరూ తినేశాక, నూనె కారిన ఆ కాగితాన్ని విప్పి దీపం దగ్గర పట్టుకొని చూసేవాడు. కాగితానికి అంటుకున్న పొడి ఏరుకుంటున్నాడని అవ్వ ఎగతాళి చేసేది. నేనూ నవ్వేదాన్ని. చదువుతున్నాడు. మాకెవరికీ చెప్పకుండా చదువుకుంటున్నాడు.

"మరి ఎందుకు చెప్పలే బాపూ? మాకు చెప్పకపోతివి, నాకు నేర్పకపోతివి, పోరన్ని కొట్టి మల్ల నాతోని దూది తీపిస్తివి."

ఆయన ఒక చేయి తుడవడం అయిపోయి రెండో చేతి మీద కిరోసిన్ పోసుకున్నాడు. "అండ్ల ఏమున్నదో ఎర్కయినంక ఊకుండుడు కష్టం బిడ్డా. గా కష్టం మీకెందుకని" అన్నాడు.

"నువ్వు ఊకున్నవు గదనే."

రెండో చేతి గోళ్లు తుడుచుకోవడంలో పడ్డాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికాడు, దానికి జవాబు ఎప్పుడూ చెప్పలేదు. ఆయన పోయినరోజు నేను ఏడ్చాను, బాగానే ఏడ్చాను. కానీ క్షమించలేదు. ఈ వయసులో అబద్ధం ఎందుకు రాయాలి? ఆసామిది అత్యాశ అనుకుంటే కోపానికి ఒక హద్దు దొరుకుతుంది. బాపుది పిరికితనం అనుకుందామంటే, నలుగురి కడుపులు ఆ షెడ్డు మీద ఆధారపడ్డ సంగతి నాకూ తెలుసు కాబట్టి ఆ కోపానికి హద్దు దొరకదు. అటూ ఇటూ తిరిగి చివరికి నా వేళ్ల మీదికే వస్తుంది.

ఇప్పుడా షెడ్డు లేదు. సాంచాలను కిలోల లెక్కన తుక్కుకు అమ్మారు. రేకు కూడా అందులోనే పోయి ఉంటుంది. మా వీధి నిశ్శబ్దంగా ఉంటుంది, అక్కడ పని చేసినవాళ్లెవరికీ ఆ నిశ్శబ్దం వినబడదు. ఊరికే చప్పుడు భరించి చెవులు పోగొట్టుకున్న మేం, ఇప్పుడు చప్పుడు కొనడానికి కరీంనగర్ పోయాం. అది తలుచుకుంటూ ఆ బల్ల దగ్గర ఒకే అక్షరం మీద వేలు పెట్టి ఆగిపోయాను. దుకాణదారు నేను చదవలేక తడబడుతున్నాననుకున్నాడు.

"ఏం సదువుతున్నవవ్వా, పులి ఉన్నది, నాలుగువేలు ఉన్నది. ఇంగ ఏం గావాలె?" అన్నాడు.

అట్టపెట్టె అడుగున, చీమతల అంత అక్షరాల్లో ఉంది. ఇంగ్లీషు. విడివిడిగా పలికాను. "ఆర్, ఎం, ఎస్. నూటయాభై. రజితా, గిదేందే?"

రజిత ఫోనులో చూసింది. "ఆర్ ఎం ఎస్ అంటె ఆగకుంట ఎప్పటికి ఇయ్యగలిగేదట అత్తమ్మా. పైన రాసిన నాలుగువేలు మ్యాక్స్ అట. కన్ను మూసి తెరిచేంతసేపు."

"మన పెట్టెకెంత గావాలె?"

ఇంటి దగ్గర డిక్కీలోకి తల పెట్టి స్పీకరు వెనక రాసింది నేనే కాగితం మీద ఎక్కించుకొచ్చాను. నాలుగు ఓమ్స్, ఆర్ ఎం ఎస్ రెండువందల యాభై. నూటయాభై దానికి చాలదు. దుకాణదారు మొహం చిట్లించాడు. "కంపెనోళ్లు అట్లనే రాస్తరు. గది ఎవ్వరు సదువరు" అన్నాడు.

"నేను సదువుతున్న గద."

వాడికి పౌరుషం వచ్చింది. పులి డబ్బాను విప్పి, అక్కడున్న తన స్పీకరుకు తగిలించి, మీటలన్నీ చివరిదాకా తిప్పి పాట పెట్టాడు. దుకాణం అద్దాలు గలగలమన్నాయి. రాజేశం ఎవరూ చెప్పకముందే పోయి పెట్టె మీద అరచేయి పెట్టాడు. సాంచకు జబ్బు చేస్తే వాడు అలాగే చేయి పెట్టి చెప్పేవాడు, ఏ పళ్ల చక్రం అరిగిందో, ఏ బోల్టు వదులైందో. కాసేపు పెట్టి తీసేశాడు. మొహంలో వెలుగు పోయింది. "పగిలిన బేరింగు లెక్క కొట్టుకుంటున్నదక్కా. పాట లేదు గిండ్ల" అన్నాడు.

నేను డబ్బా పక్కన ఉన్న ఫ్యూజు చూపించాను. ఇరవై అయిదు ఆంపియర్లు అని ఉంది దాని మీద. ఫ్యూజు మీద ఎవరూ అబద్ధం రాయరు, రాస్తే బండి కాలిపోతుంది. కారు బ్యాటరీ పన్నెండు వోల్టులది. రజిత గుణించి మూడువందలు అంది. లోపలికి పోయేదే మూడువందలైతే బయటికి నాలుగువేలు ఎట్లా వస్తాయో చెప్పుమన్నాను. అప్పటిదాకా మెల్లగా మాట్లాడినదాన్ని, అక్కడ కార్ఖానా గొంతు వచ్చేసింది. పక్క దుకాణాలవాళ్లు తొంగి చూశారు. "మీకు చదువొచ్చు, మాకు రాదనుకొని పులి బొమ్మ చూపిస్తరు. నా తమ్ముని చెవులు ఒకసారి గట్లనే పోయినయి. మల్ల ఇయ్యాల నా ముంగటనే మోసం జేస్తవా?" వాడికి నేను ఏ చెవుల సంగతి మాట్లాడుతున్నానో ఏం తెలుసు. బిత్తరపోయాడు.

"నేనేమన్న అవ్వా? నేనేమన్న?" అంటూ లోపలికి పోయి, వెనక అరలోంచి బూడిదరంగు డబ్బా ఒకటి తెచ్చాడు. బొమ్మ లేదు, మెరుపు లేదు. ఒక్క స్పీకరుకే పనికొచ్చేదట. ఆర్ ఎం ఎస్ మూడువందలు. ఫ్యూజు నలభై. గుణిస్తే సరిపోయింది. "గిది ఎవ్వరు అడగరు, సూడనీకి మంచిగుండదని" అన్నాడు. తీగతో కలిపి సరిగ్గా ఏడువేలు. తీగ కూడా ముందు సన్నది తెచ్చాడు. బతుకంతా నూలు పట్టుకున్న వేళ్లు నావి, పట్టుకోగానే తెలిసింది. లావుది తెమ్మన్నాను. తెచ్చాడు. బయట ఆపిన మా కారులో బిగించాడు.

అప్పుడు నిజం గోడ మీద పెద్దక్షరాల్లో ఉండేది, మాకు చదువు లేదు. ఇప్పుడు చదువు నేర్చుకుంటే నిజం చీమతల అంత అయిపోయింది. ఏ కాలం మంచిదో నన్ను అడగకండి.

తిరిగి వస్తూ దారిలో ఒక చాయ్ హోటల్ ముందు కారు ఆపింది రజిత. రాజేశం వెనక సీట్లో, పెట్టెకు వీపు ఆనేలా కూర్చున్నాడు. నేను వాడి పక్కన. రజిత ఫోను తగిలించి, వాడు చిన్నప్పుడు సాంచ మీద పాడే పాటల్లో ఒకటి వెతికి పెట్టింది. సీటు అదిరింది. నా పక్కటెముకలు అదిరాయి. రాజేశం నిటారుగా అయ్యాడు. భయపడ్డట్టు నా మొహం చూశాడు.

"అక్కా, పాటనా? సాంచాలా?"

పాటే అని తల ఊపాను. నమ్మలేదు. వీపు సీటుకు గట్టిగా ఆనించి కళ్లు మూసుకున్నాడు. నాకు ఆ క్షణంలో ఏడువేలు, వాడి ఆశ, నా గొడవ అంతా వృథా అయిందనిపించింది. ఇన్నేళ్లకు వాడికి మిగిలిన చప్పుడు కూడా ఆ షెడ్డు చప్పుడేనా అనిపించింది. చరణం అయిపోయి నడుమ డోలు ఆగింది. మళ్లీ అందుకుంది. మళ్లీ ఆగింది. రాజేశం కళ్లు మూసుకొనే నవ్వాడు.

"సాంచ కాదక్కా. సాంచ ఆగది. గిది ఆగుతున్నది. ఆగి మల్ల అందుకుంటున్నది."

పెదవులు కదిలాయి. తర్వాత గొంతు కదిలింది. శ్రుతి లేదు, ఎప్పుడో పోయింది. తాళం మాత్రం తప్పలేదు. వాడు పాడుతున్నాడు, నేను వింటున్నాను.

హోటలాయన చేతిలో జల్లెడతో బయటికి వచ్చాడు. భుజాలు చెవులదాకా ఎత్తి నొక్కుకుంటూ కారు అద్దం మీద కొట్టాడు. "ఓ అమ్మా! జర బంద్ జెయ్యుండ్రి! చెవులు పోతున్నయి మాకు!"

అదురు తగిలి రాజేశం కళ్లు తెరిచాడు. అప్పటికే ఆయన పొయ్యివైపు తిరిగిపోయాడు. పెదవులు కనబడలేదు.

"ఏమంటుండక్కా?"

"పాట శాన మంచిగున్నదట" అన్నాను. "ఇంకా జర పెంచుమంటుండు."

రజిత ముందు అద్దంలో నా మొహం చూసింది. చేయి చాపి పెంచింది.